బ్లీచింగ్ మీద యాసిడ్ పోయకండి

రోగి ఇంటికి వచ్చే ముందు మరుగుదొడ్డి శుభ్రంగా కడుగుతాం, మంచిదే. అయితే బ్లీచింగ్ పౌడరు చల్లి, దాని మీదే బాత్రూం యాసిడ్ పోసేవారున్నారు. ఏదో ఒకటే వాడాలి.

మామూలుగా ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు ఏర్పడతాయి. బ్లీచింగ్ పౌడరు క్షార గుణమున్న కాల్షియం సమ్మేళనం. బాత్రూం యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఇవి కలిస్తే లవణం, నీటితోపాటు క్లోరిన్ వాయువు కూడా వెలువడుతుంది. 1915లో యుద్ధంలో ప్రయోగించిన విషవాయువు ఇదే! గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కనుక నేలబారున పరుచుకుంటుంది. వంగి కడిగేవారికే ముందు తగులుతుంది. ఊపిరితిత్తుల తడిలో కలిసి మళ్ళీ ఆమ్లంగా మారి లోపలి పొరలను కాలుస్తుంది.

ఘాటు వాసన, దగ్గు మొదలవగానే అన్నీ వదిలేసి ఆరుబయటికి రండి. కళ్ళు మండితే మంచినీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి. దగ్గు తగ్గినా కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు కనుక ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.