పెద్ద ఇంటర్‌కూలర్ కన్నా ముందు గాలి దారి చూడండి

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. నా దగ్గర 1979 నాటి పోర్షే 911 టర్బో ఉంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో కాసేపు ఆగి కదిలితే బండి లాగడం లేదు. పెద్ద ఇంటర్‌కూలర్ వేయించమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: తొందరపడకండి. టర్బో గాలిని నొక్కినప్పుడు అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గించడానికే 1978లో 3.3 లీటర్ల ఇంజిన్‌తోపాటు ఇంటర్‌కూలర్ ఇచ్చారు. దాన్ని వెనక స్పాయిలర్ కింద, ఇంజిన్ మీదే పెట్టారు. అక్కడ ఎదురుగాలి నేరుగా తగలదు. స్పాయిలర్ జాలీలోంచి ఇంజిన్ ఫ్యాన్ లాక్కునే గాలే ప్రధాన ఆధారం. బండి ఆగితే ఫ్యాన్ నెమ్మదిస్తుంది, కింది సెగ పైకెక్కి ఇంటర్‌కూలరే కాగిపోతుంది. కాస్త దూరం వెళ్లాక పికప్ తిరిగొస్తుంటే కారణం చాలావరకు ఇదే.

ముందు ఇంటర్‌కూలర్‌కీ స్పాయిలర్‌కీ మధ్య ఉండే సీలు చూడండి. అది ఎండి చిట్లితే గాలి ఇంటర్‌కూలర్‌లోంచి పోకుండా పక్క సందుల్లోంచి జారుకుంటుంది. ఇంజిన్ చుట్టూ ఉండే రేకులు, రబ్బరు పట్టీల్లో ఒక్కటి ఊడినా ఎగ్జాస్ట్ వేడి పైకి వచ్చేస్తుంది. చాలామంది పట్టించుకోనిది ఇదే. ఇంటర్‌కూలర్ విప్పి సన్నని నీటిధారతో కడిగించండి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, పలుచని రేకులు వంగిపోతాయి. ఇవన్నీ సరిచేశాకే పెద్దదాని గురించి ఆలోచించండి. అది మరీ మందంగా ఉండి ఫ్యాన్‌కి గాలి అందకపోతే, ఆ గాలితో చల్లబడే సిలిండర్లకే ముప్పు.

టర్బో అందుకున్నప్పుడు ఇంజిన్‌లో టకటక చప్పుడు వినిపిస్తే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. పాత ఎయిర్‌కూల్డ్ ఇంజిన్లు బాగా తెలిసిన మెకానిక్‌కి చూపించేదాకా గట్టిగా నడపొద్దు. ఆల్టర్నేటర్ ఎర్రదీపం వెలిగితే మాత్రం వెంటనే పక్కకి ఆపి ఇంజిన్ కట్టేయండి. ఫ్యాన్ తిరిగేదీ ఆల్టర్నేటర్ బెల్టు మీదే.