మీడియేటర్ లైసెన్స్ ఎక్కడ ఇస్తారు?

ఎల్‌ఎల్‌బీ ఆఖరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. లోపల బంగారు అంచుల సర్టిఫికెట్. రెండు రోజుల ఆన్‌లైన్ క్లాసులకు ఇచ్చారట. ‘‘సార్, ఇది మీడియేటర్ లైసెన్సేనా? కమర్షియల్ కేసులు చేయొచ్చా?’’ అని అడిగింది. కాదమ్మా అని చెప్పాను. ఫీజు కోసం వాళ్ల నాన్న అప్పు చేశారని తెలిశాక చాలా బాధేసింది.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. మనం మధ్యవర్తిత్వం అనే మాటను ఆర్బిట్రేషన్‌కీ వాడతాం, మీడియేషన్‌కీ వాడతాం. ఆర్బిట్రేటర్ తీర్పు ఇస్తారు. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూడా తప్పెవరిదో తేల్చి చెబుతారు. మీడియేటర్ ఏదీ తేల్చరు. ఇద్దరితో కలిపీ, విడివిడిగానూ మాట్లాడి, వాళ్లంతట వాళ్లే రాజీకి వచ్చేలా చూస్తారు. ఏ కోర్సులోనైనా చేరేముందు అక్కడ ఈ రెండింటిలో ఏది నేర్పుతారో అడగండి.

ఇక లైసెన్స్ సంగతి. మీడియేషన్ చట్టం 2023లో వచ్చింది. ప్రైవేటు కేంద్రాలను అది ‘మీడియేషన్ సర్వీస్ ప్రొవైడర్లు’ అంటుంది. దుకాణానికి ఇచ్చినట్టు లైసెన్స్ ఇచ్చే పద్ధతి అందులో లేదు. మీడియేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఈ కేంద్రాలను గుర్తించాలి, గ్రేడ్ చేయాలి. మీడియేటర్ల రిజిస్ట్రేషన్, ప్రవర్తనా నియమాలు కూడా ఆ కౌన్సిల్ పనే. శిక్షణ ఇచ్చే సంస్థలకూ దాని గుర్తింపు ఉండాలి. కానీ చట్టం ఒక్కసారిగా అమల్లోకి రాలేదు. 2023 అక్టోబరు 9న కొన్ని సెక్షన్లనే అమలు చేశారు. కౌన్సిల్ ఏర్పాటు సెక్షన్లు వాటిలో ఉన్నాయి, ప్రైవేటు కేంద్రాల గుర్తింపు గురించి చెప్పే సెక్షన్ 40 లేదు. అందుకే ‘ప్రభుత్వ గుర్తింపు పొందిన లైసెన్స్ కోర్సు’ అని ఎవరైనా ప్రకటిస్తే, ఏ నోటిఫికేషన్ ప్రకారం ఇస్తున్నారో కాగితం చూపించమనండి. చూపించలేకపోతే డబ్బు కట్టకండి.

అలాగని ఈ రంగంలో పని లేదనుకోవద్దు. కమర్షియల్ కోర్టుల చట్టంలో 2018లో సెక్షన్ 12ఏ చేర్చారు. కనీసం 3 లక్షల రూపాయల విలువున్న వాణిజ్య వివాదంలో అత్యవసర ఉత్తర్వు అవసరం లేకపోతే, దావా వేసేముందు మీడియేషన్‌కి వెళ్లాలి. ఇది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో స్పష్టం చేసింది. ఈ మీడియేషన్‌ను న్యాయసేవాధికార సంస్థలు నడుపుతాయి. 2018 నిబంధనల్లో ఫీజు కూడా రాసి ఉంది. వివాదం విలువ 10 లక్షల లోపైతే 15 వేలు, 3 కోట్లు దాటితే 75 వేలు. దాన్ని ఇరుపక్షాలూ చెరిసగం భరిస్తాయి. ప్రైవేటు కేంద్రాలకు ఎవరి ఫీజు పట్టిక వాళ్లదే. హైదరాబాద్‌లో 2021 డిసెంబరులో ప్రారంభమైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం అలాంటిదే.

డిగ్రీ పూర్తికాగానే ఎవరూ మిమ్మల్ని మీడియేటర్ కుర్చీలో కూర్చోబెట్టరు. ఆ సంగతి ముందే తెలిస్తే నిరాశ ఉండదు. ప్యానెళ్లలో విశ్రాంత జడ్జిలు, అనుభవజ్ఞులైన న్యాయవాదులే ఎక్కువ. కొత్తవాళ్లు మొదట కేసు మేనేజర్‌గా చేరడం మంచిది. నోటీసులు పంపడం, తేదీలు కుదర్చడం, ఎవరి రహస్యాలు ఎవరికీ పొక్కకుండా ఫైళ్లు చూసుకోవడం ఆ పనిలో భాగం. మీడియేటర్ కావాలంటే లా డిగ్రీ ఉండి తీరాలని 2023 చట్టం ఎక్కడా అనలేదు. నిర్మాణ వివాదం నడిచేటప్పుడు కొలతల పుస్తకం చదవగల సివిల్ ఇంజినీర్‌కీ, లెడ్జర్ అర్థం చేసుకోగల అకౌంటెంట్‌కీ ఇక్కడ చోటుందని నా నమ్మకం. శిక్షణ విషయానికొస్తే, సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ స్థిరపరచిన 40 గంటల పాఠ్యక్రమాన్ని కొలబద్దగా పెట్టుకోండి. అందులో సగం కూడా లేని కోర్సును పక్కన పెట్టండి. రోల్‌ప్లే చేయించని కోర్సు కూడా వద్దు.

ఆ అమ్మాయి వెళ్లేముందు ఒక చిన్న అభ్యాసం ఇచ్చాను. ఇటుకల వ్యాపారికి బిల్డర్ 8 లక్షలు బాకీ, ఇద్దరికీ రాజీ కుదిరింది, ఒప్పందం రాయమన్నాను. ‘‘బిల్డర్ వీలైనంత త్వరగా బాకీ చెల్లిస్తారు’’ అని రాసింది. 12ఏ కింద కుదిరిన రాజీకి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన విలువ ఉంటుందని, అందులోని ప్రతి మాటా అమలు చేయించుకునేలా ఉండాలని చెప్పాను. కాసేపు ఆలోచించి, ఆ వాక్యం కొట్టేసింది. నాలుగు వాయిదాలు, ఒక్కోటి 2 లక్షలు, ప్రతి నెలా 10వ తేదీలోగా ఫలానా ఖాతాలో జమ, ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా ఒకేసారి వడ్డీతో కట్టాలి అని రాసింది. ‘‘వడ్డీ ఎంత?’’ అన్నాను. నాలుక కరుచుకుని మళ్లీ పెన్ను తీసింది.