హజ్రత్ రుఫైదా (రజి) గుడారం

యుద్ధం అనగానే మనకు ఖడ్గాలు, గుర్రాలు గుర్తొస్తాయి. గాయపడినవారిని మోసుకొచ్చిందెవరు, కట్లు కట్టిందెవరు అని మనం అంతగా అడగం. అడిగితే స్త్రీల పేర్లు వినిపిస్తాయి. యోధులకు నీళ్ళు అందించేవారమని, క్షతగాత్రులను, అమరులను మదీనాకు చేర్చేవారమని హజ్రత్ రుబయ్యి (రజి) స్వయంగా చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) దైవప్రవక్త (స) వెంట ఏడు యుద్ధాలకు వెళ్ళి వంట చేశారు, గాయాలకు వైద్యం చేశారు.

వీరిలో అస్లమ్ తెగకు చెందిన హజ్రత్ రుఫైదా (రజి) గురించి నేడు పెద్ద పెద్ద కథలే ప్రచారంలో ఉన్నాయి. ప్రాచీన గ్రంథాల్లో ఉన్నవి మాత్రం కొద్ది వాక్యాలే. మాకు అవే చాలనిపిస్తాయి.

హిజ్రీ 5 (క్రీ.శ. 627)లో కందక యుద్ధం జరిగింది. ఔస్ తెగ నాయకుడు హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి రక్తనాళంలో బాణం దిగింది. ఆయన్ను మస్జిదె నబవీలోని రుఫైదా (రజి) గుడారంలో ఉంచమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆమె గాయపడినవారికి చికిత్స చేసేవారు. దిక్కులేని ముస్లింల సేవకు దైవప్రసన్నత కోరి తనను తాను అంకితం చేసుకున్నారు. దైవప్రవక్త (స) అటుగా వెళ్ళినప్పుడల్లా, ఉదయం ఎలా ఉన్నావని, సాయంత్రం ఎలా ఉన్నావని సఅద్ (రజి)ను అడిగేవారు.

గమనించండి, ఆ గుడారం వేసింది ఎక్కడో ఊరి బయట కాదు, మస్జిదులో! అందులో పడుకున్నది ఒక తెగ నాయకుడు. మరి మన ఇళ్ళల్లో అమ్మాయి నర్సింగ్ చదువుతానంటే పెద్దల ముఖాలు ఎందుకు ముడుచుకుంటాయి? "పరాయి మగవాళ్ళకు కట్లు కడతావా?" అని గద్దించే తండ్రి ఈ గుడారం సంగతి వినలేదా? హిజాబ్, మర్యాదల గురించి మాట్లాడుకోవచ్చు, మాట్లాడుకోవాలి కూడా. కానీ ఆ పనినే నీచంగా చూడటం ఏ ధర్మం? ఢిల్లీలోని జామియా హమ్దర్ద్ తన నర్సింగ్ కళాశాలకు రుఫైదా పేరే పెట్టుకుంది.

ఇక సఅద్ (రజి) విషయానికొస్తే, గాయం దాదాపు మానింది. బనూ ఖురైజా వ్యవహారంలో తీర్పు చెప్పడానికి ఆయన గాడిదపై కూర్చుని వెళ్ళి వచ్చారు. ఆ తర్వాత ఒక రాత్రి గాయం మళ్ళీ తెరుచుకుంది. మస్జిదులోనే ఉన్న బనూ గిఫార్ వారి గుడారంలోకి రక్తం పారేదాకా పక్కవారికి తెలియలేదు. వారు ఉలిక్కిపడి, మీ వైపు నుంచి వస్తున్నది ఏమిటని కేకవేశారు. ఆ గాయంతోనే సఅద్ (రజి) కన్నుమూశారు.