బొమ్మల చలనచిత్రం: కళయా, సరుకా?

కుటుంబమంతా కలిసి చూచే బొమ్మల చలనచిత్రం కళాఖండమా, అంగడి సరుకా అనే ప్రశ్న మనకు దూరమైనది కాదు. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టించిన ‘ఛోటా భీమ్’ 2008లో టెలివిజన్‌లో ప్రారంభమై, 2012లో వెండితెర నెక్కినది. పిల్లల పుస్తకాల సంచులపై సైతం ఆ బాలుని బొమ్మ వెలసినది. 2006 సంవత్సరపు ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన తెలుగు చిత్రం ‘కిట్టు’ను నేడు ఎందరు బాలలు ఎరుగుదురు?

వ్యాపారపు ఒత్తిడికి మూలం శ్రమలో ఉన్నది. తెరపై సెకనుకు 24 చిత్రాలు కదలవలెను. చేతితో గీసే పద్ధతిలో ఒక్కొక్క బొమ్మను రెండు మార్లు వాడినప్పటికీ నిమిషానికి 720 బొమ్మలు కావలెను. కావుననే ఖర్చు తగ్గించదలచినవారు దేహాన్ని నిశ్చలంగా ఉంచి పెదవులను మాత్రమే కదిలింతురు. పాత దృశ్యాలనే మరల వాడుదురు.

అయితే పొదుపు కళకు శత్రువు కాదు. మన తోలుబొమ్మకు కదలే కీళ్ళు కొన్నియే. ఆటగాని గాత్రం, దీపపు వెలుగు దానికి ప్రాణం పోయును. ఆదరణయు కళకు శత్రువు కాదు. 2001లో జపానులో వెలువడిన మియజాకి చిత్రం ‘స్పిరిటెడ్ అవే’ ఆస్కారును గెలిచినది. ఆ దేశపు వసూళ్ళలో 2020 వరకు ప్రథమస్థానంలో నిలిచినది.

లోపం డబ్బులో లేదు. “పిల్లలకు ఇది చాలు” అనే తేలిక భావంలో ఉన్నది. బాలుని బుద్ధిని గౌరవించిన చిత్రమే కళ. కళాశాలలో చిత్రప్రదర్శన ఏర్పరచునపుడు విద్యార్థులు, కమిటీ పెద్దలు ఈ గీటురాయినే వాడుదురు గాక!