కాగితం ఎందుకు విరుగుతుంది?

మన హాస్టల్ లైబ్రరీ బీరువాలోంచి పాత గైడు ఒకటి తీసి పేజీ మూల మడిచి చూడండి. మూల ఊడి చేతిలోకి వస్తుంది. చెదలు పట్టలేదు, వానకు తడవలేదు. మరి ఏమైంది? పీజీలో పాలిమర్ పాఠం విన్నాక గానీ మాకు దీని జవాబు దొరకలేదు.

కాగితమంటే ముఖ్యంగా సెల్యులోజ్. గ్లూకోజ్ యూనిట్లు ఆక్సిజన్ వంతెనలతో వరుసగా కలిసిన పొడవాటి గొలుసు. పత్తి పోగులో ఒక్కో గొలుసుకు 10,000 యూనిట్ల వరకు ఉంటాయి. కలపను క్షారంలో ఉడికించి, బ్లీచ్ చేసి గుజ్జు చేసేసరికి అవి 1,000 దరిదాపులకు తగ్గుతాయి. మిల్లు గేటు దాటకముందే గొలుసులు ఎన్నో చోట్ల తెగిపోయాయన్నమాట.

అసలు దెబ్బ ఆ తర్వాత. కాగితంపై సిరా పాకకుండా పైన్ చెట్టు బంకను పటికతో కలిపి వాడే పద్ధతిని 1807లో జర్మనీకి చెందిన ఇల్లిగ్ ప్రచురించాడు. ఆ పటిక తేమతో కలిసి ఆమ్లాన్నిస్తుంది. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాను ఆక్సిజన్ వంతెనను పట్టుకుంటుంది, నీటి అణువు వచ్చి చేరుతుంది, గొలుసు తెగుతుంది. ఇంటర్‌లో మనం బట్టీ పట్టిన జలవిశ్లేషణే ఇది. అయితే అయాను ఖర్చయిపోదు, ఇంకో వంతెన మీదికి పోతుంది. పైగా పాతబడేకొద్దీ కాగితం తనలోనే కొత్త ఆమ్లాలు పుట్టిస్తుంది. గొలుసు 200, 300 యూనిట్లకు పడిపోయాక మడత తట్టుకోలేదు. పటిక పద్ధతి రాకముందు, 1450లలో, గుడ్డపేలికల గుజ్జుతో చేసిన కాగితంపై అచ్చయిన గూటెన్‌బర్గ్ బైబిల్ ప్రతులు మాత్రం ఈనాటికీ గట్టిగానే ఉన్నాయి.

తమాషా ఏమిటంటే, రేయాన్ ఫ్యాక్టరీలో ఇదే తెగడాన్ని కావాలని చేయిస్తారు. గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, పిండి, కొన్ని గంటలు గాలికి ఉంచుతారు. అక్కడ ఆమ్లం బదులు ఆక్సిజన్ గొలుసును కత్తిరిస్తుంది. అలా పొట్టిగా చేయకపోతే ద్రావణం మరీ చిక్కబడి సన్నని రంధ్రాల్లోంచి దారంగా రాదు.

న్యూస్‌పేపర్ ఎండకు పసుపెక్కడం వేరే సంగతి. అది అందులో మిగిలిన లిగ్నిన్ పని.

ఇదంతా మనకెందుకంటారా? మనలో చాలామంది ఇళ్లల్లో మొదటి టెన్త్ మెమో మనదే. దాన్ని ట్రంకు పెట్టెలో న్యూస్‌పేపర్ పరిచి దాస్తాం. ఆ పేపర్‌లోని ఆమ్లం మెమోకూ పాకుతుంది. రేకుల ఇంట్లో పెట్టె వేడెక్కితే చర్య ఇంకా వేగం. లామినేషన్ చేయిస్తే ఆమ్లం లోపలే ఉంటుంది, ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. మాలో ఒకడు అలా చేయించి, వెరిఫికేషన్‌లో వెనక స్టాంపు వేసే వీలు లేక నానా తిప్పలు పడ్డాడు.

తమ్ముళ్లూ, మెమోను మడవకుండా తెల్ల జిరాక్స్ కాగితాల మధ్య పెట్టి, తేమ తగలని చోట ఉంచండి. ఇప్పటి జిరాక్స్ కాగితాల్లో చాలావాటికి కాల్షియం కార్బొనేట్ కలుపుతారు, అది ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. పేరు రాయాలంటే ఫైలు అట్ట మీద రాయండి.