ముందు ఆ ఎర్రర్‌లోని పేరు చూడు

చిరంజీవి అమ్మడికి,

ఆఫీసు రిపోకి పుష్ చేస్తుంటే 403 వస్తోందని, కంట్రోల్ ప్యానెల్లో గిట్‌హబ్ ఎంట్రీ తీసేసినా మళ్లీ అదే వస్తోందని, ఇక గిట్‌నే పీకేసి కొత్తగా వేసుకుంటానని రాశావు. ఆ పని మాత్రం పెట్టుకోకు. టైము దండగ.

పాస్‌వర్డులు దాచేది గిట్ కాదు. దానికి కావలసినప్పుడు క్రెడెన్షియల్ హెల్పర్ అనే వేరే ప్రోగ్రాంని అడిగి తీసుకుంటుంది. నీ విండోస్‌లో అది క్రెడెన్షియల్ మేనేజర్, మాక్‌లో కీచెయిన్. లినక్స్‌లో 'క్యాష్' పెట్టుకుంటే మెమరీలో 15 నిమిషాలుంచి మరిచిపోతుంది. 'స్టోర్' పెట్టుకుంటే హోమ్ డైరెక్టరీలో ఒక ఫైల్లో మామూలు అక్షరాల్లో రాసిపెడుతుంది. నీ మెషీన్లో ఏది నడుస్తోందో ఊహించక్కర్లేదు. గిట్ కాన్ఫిగ్‌కి 'షో ఆరిజిన్', 'గెట్ ఆల్' తగిలించి క్రెడెన్షియల్ హెల్పర్ గురించి అడిగితే, ఏ ఫైల్లో ఏది రాసి ఉందో అదే చూపిస్తుంది. ఒక్కోసారి రెండు హెల్పర్లు బయటపడతాయి. ఒకదాంట్లో తీసేసినా రెండోది పాతదే అందిస్తూ ఉంటుంది.

నీ విషయంలో అదీ కాదు. ఎర్రర్ చివరి దాకా చదివావా? 'డినైడ్ టు' అన్న తర్వాత ఉన్న పేరు నీ కాలేజీ అకౌంటుది. సర్వర్ నిన్ను గుర్తుపట్టింది, కాకపోతే కాలేజీ పిల్లగా గుర్తుపట్టింది. 401 అంటే నువ్వెవరో నమ్మనని. 403 అంటే నువ్వెవరో తెలుసు గానీ ఇక్కడ రాసే హక్కు నీకు లేదని. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. 401 వస్తే గిట్ హెల్పర్‌కి చెప్పి దాచిన ఆ పాస్‌వర్డుని తుడిపించేస్తుంది, మళ్లీ నిన్ను అడుగుతుంది. 403 వస్తే తుడిపించదు. అందుకే తప్పు అకౌంటు దర్జాగా అలాగే తిష్ట వేసుక్కూర్చుంటుంది. మీది ఓపెన్ సోర్స్ రిపో కాబట్టి ఈ మాత్రమైనా చెప్పింది. ప్రైవేటుదైతే అసలు అలాంటి రిపోయే లేదనేది.

యూజర్ నేమ్, ఈమెయిల్ కాన్ఫిగ్‌లో మార్చి చూశానన్నావు. అవి కమిట్ మీద పడే పేరు కోసం. లాగిన్‌కీ వాటికీ సంబంధం లేదు.

అసలు సంగతి నువ్వు పంపిన గిట్ రిమోట్ స్క్రీన్‌షాట్‌లోనే ఉంది. ఆరిజిన్ యూఆర్ఎల్లో గిట్‌హబ్ పేరుకి ముందు నీ కాలేజీ యూజర్ నేమ్, కోలన్, ఆ వెనక జీహెచ్‌పీతో మొదలయ్యే పొడుగాటి టోకెన్! గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి అకౌంటు పాస్‌వర్డుతో పుష్ చేయనివ్వడం మానేశాక ఇలా పాస్‌వర్డుకి బదులు వాడే టోకెన్ని యూఆర్ఎల్లో అతికించి క్లోన్ చేసే అలవాటు కొందరికి పట్టుకుంది. పేరూ టోకెనూ రెండూ యూఆర్ఎల్లోనే ఉంటే గిట్ హెల్పర్ మొహమే చూడదు. నువ్వు కంట్రోల్ ప్యానెల్లో ఎన్నిసార్లు తుడిచినా ఏం లాభం? ఆ టోకెన్ రిపోలోని డాట్ గిట్ ఫోల్డర్లో, కాన్ఫిగ్ ఫైల్లో రాసి ఉంది.

గిట్ రిమోట్ సెట్ యూఆర్ఎల్ కమాండుతో ఆరిజిన్ మార్చు. టోకెన్ తీసేసి, గిట్‌హబ్ పేరుకి ముందు ఆఫీసు యూజర్ నేమ్, ఎట్ గుర్తు మాత్రం ఉంచు. ఈసారి పుష్ కొడితే హెల్పర్ ఆ పేరు మీదే లాగిన్ అడిగి, ఆ పేరు మీదే దాచుకుంటుంది. కాలేజీ రిపోల్లో కాలేజీ పేరు పెట్టుకుంటే రెండు అకౌంట్లూ ఒకే మెషీన్లో గొడవ పడకుండా ఉంటాయి.

ఇంకో మాట. ఆ స్క్రీన్‌షాట్ నాకొక్కడికే కాదు, మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టావు. పెదనాన్నకి గిట్ అంటే తెలియదులే అని ఊరుకోకు, గ్రూపులో ముప్ఫై మంది ఉన్నాం. మెసేజ్ తీసేసినంత మాత్రాన సరిపోదు. గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో డెవలపర్ సెట్టింగ్స్‌కి వెళ్లి, పర్సనల్ యాక్సెస్ టోకెన్లలో ఆ టోకెన్ని ఈ రోజే డిలీట్ చెయ్యి. పుష్ సంగతి ఆ తర్వాత చూసుకో.

ఇట్లు,
మీ బాబాయి