పరారీలో ఒక నర్సమ్మ

చదువవలసిన భాగములు: రోమా 13:1-7, అపొ. కార్య. 5:27-32, 1 రాజులు 18:3-4



ఈసారి పాఠానికి మేము ఒక రోమన్ కాథలిక్ స్త్రీ జీవితాన్ని తీసుకున్నాము. బాప్టిస్టు పత్రికలో ఇదేమిటని కొందరు పెద్దలు అడగవచ్చు. పై మూడు భాగాలూ ఒక్క మనిషి మీదికే వచ్చి పడడం మేము అరుదుగా చూశాము.

మేరీ మోయ్లన్ అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన నర్సు. కాన్పులు చేయడంలో తర్ఫీదు పొంది, ఆఫ్రికాలోని ఉగాండాలో కొన్నేళ్లు సేవ చేసింది. అక్కడ అమెరికా విమానాలు బాంబులు వేసిన సంగతి తర్వాత ఆమె కోర్టులో సాక్ష్యంగా చెప్పింది. బిడ్డలను లోకంలోకి తెచ్చే చేతులకు ఆ సంగతి ఎట్లా ఉండి ఉంటుందో మన తల్లులు ఎరుగుదురు.

వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజులు. 1968 మే 17న ఆమెతో కలిపి తొమ్మిదిమంది కాథలిక్కులు కాటన్స్‌విల్ ఊరిలో, యువకులను సైన్యానికి పిలిచే ఆఫీసులోకి వెళ్లారు. వారిలో డేనియల్, ఫిలిప్ బెరిగన్ అనే అన్నదమ్ములైన ఇద్దరు ఫాదర్లు ఉన్నారు. 378 ఫైళ్లను తీగె బుట్టల్లో బయటికి తెచ్చి, పెట్రోలు, సబ్బుపొడి కలిపి తామే చేసిన నాపామ్‌తో కాల్చారు. వియత్నాంలో పిల్లల ఒళ్లు కాల్చింది నాపామే గనుక కాగితాలనూ దానితోనే కాల్చారు. తర్వాత పారిపోలేదు. ప్రభువు ప్రార్థన చెప్పుకుంటూ పోలీసులు వచ్చేదాకా అక్కడే నిలబడ్డారు.

ఇంతవరకు అపొ. కార్య. 5:29తో సరిపెట్టవచ్చు. చిక్కంతా తరువాతిది. మేరీకి రెండేళ్ల శిక్ష పడింది. 1970 ఏప్రిల్‌లో జైలుకు రావలసి ఉండగా ఆమె, మరి కొందరు అజ్ఞాతంలోకి వెళ్లారు. అన్యాయమైన యుద్ధం చేసే ప్రభుత్వానికి మాకై మేము ఎందుకు లొంగాలి అన్నది వారి వాదన. మన బాప్టిస్టు బోధకుడు మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుండి వ్రాసింది వేరు: అన్యాయపు చట్టాన్ని మీరినవాడు శిక్షను బహిరంగంగా భరించాలి. మా మనసు కింగ్ గారి వైపే ఉన్నది. అయినా ఆ మాట జైలులో కూర్చుని వ్రాసినవాడికే తగును. ఇంట్లో కూర్చుని చెప్పే మనకు అంత సులువుగా తగదు.

తక్కినవారు కొద్ది నెలల్లోనే పట్టుబడ్డారు. మేరీ దొరకలేదు. 1975లో యుద్ధం ముగిసింది, ఆమె పరారీ ముగియలేదు. 1979లో తనంతట తానే లొంగిపోయి శిక్ష అనుభవించింది. రెండేళ్ల శిక్షకు తొమ్మిదేళ్ల దాగుడు! సొంత పేరు చెప్పుకుని నర్సు పని చేయడానికి వీలులేని తొమ్మిదేళ్లు. డేనియల్ ఫాదర్ ఆ విచారణ మీద నాటకం వ్రాశారు, లోకం ఆయన్ని ఎరిగింది. మేరీ 1995లో, చూపు దాదాపు పోయి, ఒంటరిగా చనిపోయింది. ఆమెతో కలిసి మంటచుట్టూ ప్రార్థించినవారు ఎంతమంది తరువాత ఆమె గుమ్మం తొక్కారో అని మాకు అనిపిస్తుంది.

ఇన్నేళ్లు ఆమెకు అన్నం పెట్టి దాచినవారూ చట్టాన్ని మీరినవారే. ఓబద్యా నూరుమంది ప్రవక్తలను గుహల్లో దాచి పోషించాడు, అదీ అహాబు కొలువులో ఉంటూనే. తరగతి నడిపేవారు 1 రాజులు 18:4 ముందు చదివించి, రాత్రివేళ అటువంటి మనిషి మన తలుపు తడితే తీస్తామా అని ఒక్కొక్కరినీ అడగండి. పెద్దలను మొదట అడగండి.